ఆ పరిశోధనలో మీలాంటివారు ఉన్నారా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే మాటతో మొదలయ్యాయి: “విదేశాల్లో పెద్ద పరిశోధన చేశారట డాక్టరుగారూ...” నల్లగొండలో నేను క్లినిక్ తెరిచిన కొత్తలో జనం పక్కింటివాళ్ల మందుచీటీ పట్టుకొచ్చి “నాకూ ఇదే రాయండి” అనేవారు. ఇప్పుడు ఫోనులో వార్త తెరిచి చూపిస్తున్నారు. ఈ మార్పు నాకు సంతోషమే. తన జబ్బు గురించి తెలుసుకోవాలనుకునే మనిషికి వైద్యం చేయడం తేలిక. వార్త ఎవరు చూపించినా నేను మొదట అడిగేది మాత్రం ఒక్కటే. ఆ పరిశోధనలో ఎలాంటి మనుషులను చూశారు, మీరు వాళ్లలో ఉన్నారా? ఈసారి ఉత్తరాలన్నిటికీ ఆ ప్రశ్న పట్టుకునే జవాబు రాస్తున్నాను.

మా నాన్నగారికి 72 ఏళ్లు. చాలాకాలంగా షుగరు ఉంది. గుండె జబ్బు, పక్షవాతం ఎప్పుడూ రాలేదు. అయినా రక్తం పలుచగా ఉంటే మంచిదని ఎవరో చెప్పగా పదకొండేళ్లుగా రాత్రి భోజనం తర్వాత యాస్పిరిన్ 75 వేసుకుంటున్నారు. పెద్దవాళ్లకు దానివల్ల మేలు లేదని పరిశోధనలో తేలిందట, ఆపేయమని మా తమ్ముడు పట్టుబడుతున్నాడు. ఆపితే గుండెపోటు వస్తుందేమోనని అమ్మ భయం. ఎవరి మాట వినాలి?
— ఒక కూతురు, దేవరకొండ

మీ తమ్ముడు చదివింది నిజమే. మీ అమ్మగారి భయమూ ఊరికే పుట్టింది కాదు. ఇద్దరూ వేర్వేరు మనుషుల గురించి మాట్లాడుతున్నారు, అంతే.

తమ్ముడు చెబుతున్నది బహుశా యాస్ప్రీ అనే పరిశోధన. ఆస్ట్రేలియాలోని మొనాష్ విశ్వవిద్యాలయం, అమెరికా వైద్యులు కలిసి చేశారు. ఫలితాలు 2018లో వచ్చాయి. మొత్తం 19,114 మంది; దాదాపు అందరూ 70 దాటినవారే. గుండె జబ్బు లేదు, మతిమరుపు జబ్బు లేదు, తమ పనులు తాము చేసుకోగలరు. సగం మందికి రోజూ 100 మిల్లీగ్రాముల యాస్పిరిన్, మిగతా సగానికి అచ్చం అలాగే కనిపించే ఉత్త మాత్ర ఇచ్చారు. ఎవరికి ఏది అందుతోందో వాళ్లకూ తెలియదు, వాళ్లను చూసే డాక్టర్లకూ తెలియదు. దాదాపు ఐదేళ్లు గడిచాక చూస్తే, ఆరోగ్యంగా తమ పనులు తాము చేసుకుంటూ బతికిన కాలంలో రెండు గుంపులకూ తేడా లేదు. తేడా వచ్చింది రక్తస్రావంలో. ఏడాదికి వెయ్యి మందిలో ఉత్త మాత్ర వేసుకున్నవారిలో సుమారు ఆరుగురికి పెద్ద రక్తస్రావం అయితే, యాస్పిరిన్ వేసుకున్నవారిలో ఎనిమిది, తొమ్మిది మందికి అయింది.

“మా నాన్నకు షుగరు ఉంది కదా, షుగరు ఉంటే యాస్పిరిన్ మంచిదంటారు” అని మీరు అనవచ్చు. ఆ లెక్కా ఉంది. అదే 2018లో ఆక్స్‌ఫర్డ్ వైద్యులు అసెండ్ అనే పరిశోధన ఫలితాలు వెల్లడించారు. షుగరు ఉండి, గుండె జబ్బు లేని 15,480 మందిని ఏడేళ్లకు పైగా గమనించారు. గుండెపోటు, పక్షవాతం లాంటివి ఉత్త మాత్ర గుంపులో వెయ్యికి 96 మందికి వస్తే, యాస్పిరిన్ గుంపులో 85 మందికి వచ్చాయి. అంటే పదకొండు మంది తప్పించుకున్నారు. మరోవైపు పెద్ద రక్తస్రావాలు 32 నుంచి 41కి పెరిగాయి. పదకొండు మందికి మేలు, తొమ్మిది మందికి కీడు. వయసు పెరిగేకొద్దీ కడుపులో, మెదడులో రక్తస్రావం అయ్యే అవకాశం పెరుగుతుంది కాబట్టి 72 ఏళ్లకు తక్కెడ కీడు వైపే మొగ్గుతుందని నా అభిప్రాయం. 60 దాటి గుండె జబ్బు లేనివారికి కొత్తగా యాస్పిరిన్ మొదలుపెట్టవద్దని అమెరికాలోని నివారణ వైద్య నిపుణుల బృందం 2022లో చెప్పింది. మీ నాన్నగారు కొత్తగా మొదలుపెట్టేవారు కాదు, పదకొండేళ్లుగా వేసుకుంటున్నవారు. అందుకే తమ్ముడి మాట మీద డబ్బా మూసేయకుండా, ఆయన షుగరు చూసే డాక్టరుతో మాట్లాడి ఆపండి. ఆపే ముందు, ఈసీజీలో పాత గుండెపోటు గుర్తు ఏదైనా ఉందా, కాళ్ల రక్తనాళాలు మూసుకుపోయాయా, ఆయనకు తెలియకుండా ఎప్పుడైనా చిన్న పక్షవాతం వచ్చిపోయిందా అన్నది ఒకసారి తేల్చుకోవాలి.

ఇక మీ అమ్మగారి భయం సంగతి. గుండెపోటు వచ్చినవారికి, స్టెంటు వేసినవారికి, బైపాస్ అయినవారికి, రక్తనాళం మూసుకుపోయి పక్షవాతం వచ్చినవారికి యాస్పిరిన్ ప్రాణం నిలిపే మందు. పైన చెప్పిన రెండు పరిశోధనల్లో అలాంటివాళ్లు లేనే లేరు. నాలుగేళ్ల కిందట హాలియా వైపు నుంచి ఒక రైతును తెల్లవారుజామున మోటారుసైకిల్ మీద మధ్యలో కూర్చోబెట్టుకుని మా దగ్గరకు తెచ్చారు. అంతకు నాలుగు నెలల ముందే ఆయనకు స్టెంటు వేశారు. “యాస్పిరిన్ విషం, పరిశోధనలో తేలింది” అని ఫోనులో వచ్చిన ఒక సందేశం చదివి, వారం రోజులుగా ఆ గోలీ మానేశాడు. స్టెంటులో రక్తం గడ్డకట్టింది. మనిషి బతికాడు. కానీ ఇప్పుడు పొలం గట్టు మీద వంద అడుగులు వేస్తే ఆగి ఆయాసం తీర్చుకోవాలి. ఆ సందేశంలోని పరిశోధన అబద్ధం కాదు. అందులో ఆయన లాంటివారు లేరు, ఆ ఒక్క మాట ఆయనకు చెప్పినవారు లేరు.

మీ నాన్నగారిని డాక్టరు దగ్గరకు తీసుకెళ్లేటప్పుడు ఆయన వేసుకునే మాత్రలన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్లండి. మోకాళ్ల నొప్పికి మందుల దుకాణంలో అడిగి కొనే గోలీలు కూడా. యాస్పిరిన్‌తో కలిస్తే కడుపులో పుండు పడేది ముఖ్యంగా వాటితోనే. మలం తారులా నల్లగా, జిగటగా, చెడ్డ వాసనతో వస్తోందా అని మొహమాటం లేకుండా అడగండి. ఐరన్ మాత్రలు వేసుకునేవారికీ నల్లగానే వస్తుంది గానీ ఆ జిగట, ఆ వాసన ఉండవు. అలా ఉందంటే అపాయింట్‌మెంట్ కోసం ఆగవద్దు, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

నాకు బీపీ ఉంది. మా ఆయనకు కిడ్నీల సమస్య, రిపోర్టులో కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 2.1 అని ఉంది. తక్కువ సోడియం ఉప్పు వాడితే పక్షవాతం రాదని టీవీలో చెప్పారు. కొనమంటారా? లేక సైంధవ లవణం వాడితే సరిపోతుందా?
— గద్వాల నుంచి ఒక గృహిణి

కొనకండి. మీ ఇంట్లో ఆయన ఉన్నంతవరకు ఆ ప్యాకెట్టు వంటింట్లోకి రాకూడదు. కారణం చెబుతాను.

టీవీలో చెప్పిన పరిశోధన మంచిదే, నాకు చాలా ఇష్టమైనది కూడా. చైనాలో 600 పల్లెల్లో 20,995 మంది మీద జరిగింది, 2021లో ఫలితాలు వచ్చాయి. పక్షవాతం ఒకసారి వచ్చినవారు, లేదంటే 60 దాటి బీపీ ఉన్నవారు అందులో ఉన్నారు. సగం పల్లెలకు మామూలు ఉప్పు బదులు ముప్పాతిక వంతు మామూలు ఉప్పు, పావు వంతు పొటాషియం క్లోరైడ్ కలిపినది ఇచ్చారు. ఐదేళ్లకు దగ్గరగా గమనిస్తే, ఏడాదికి వెయ్యి మందిలో పక్షవాతాలు సుమారు 34 నుంచి 29కి తగ్గాయి. మరణాలూ తగ్గాయి. ఆ పల్లెలు మన పల్లెల్లాంటివే. అక్కడా ఉప్పు ఎక్కువగా వంటింట్లో చేత్తో వేసేదే. అందుకే ఉప్పు మారిస్తే ఫలితం కనిపించింది.

అయితే కిడ్నీ జబ్బు ముదిరినవారిని ఆ పరిశోధనలోకి తీసుకోలేదు. పొటాషియాన్ని బయటికి పంపేది కిడ్నీలే. అవి బలహీనపడితే అది రక్తంలో పేరుకుంటుంది, మితిమీరితే గుండె కొట్టుకునే తీరే తప్పి ఒక్కసారిగా ఆగిపోవచ్చు. మీ ఆయన బీపీకి టెల్మిసార్టాన్, లోసార్టాన్, ఎనలాప్రిల్ లాంటివి, లేదా స్పైరోనోలాక్టోన్ వాడుతుంటే ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 జనవరిలో ఇలాంటి ఉప్పును సిఫారసు చేసినప్పుడు కూడా కిడ్నీ జబ్బు ఉన్నవారిని, గర్భిణులను, పిల్లలను అందులోంచి మినహాయించింది.

సైంధవ లవణం కూడా సోడియం క్లోరైడే. రంగు వేరు, ధర వేరు. పైగా అయోడిన్ కలపనిది అయితే మరో చిక్కు.

మీ ఇద్దరికీ పనికొచ్చేది మామూలు ఉప్పునే తగ్గించడం. ఎంత వాడుతున్నామో చాలామందికి తెలియదు. ఈసారి కిలో ప్యాకెట్టు తెరిచిన రోజు దాని మీద తేదీ రాయండి. మనిషికి రోజుకు ఐదు గ్రాములకు మించకూడదు. అంటే ఇద్దరికి నెలకు మూడు వందల గ్రాములు. మీ ప్యాకెట్టు మూడు నెలలు దాటి రావాలి. నెలన్నరకే అడుగంటితే లెక్క తెలిసిపోతుంది. ఆ లెక్కలోకి రానిది వేసవిలో పెట్టిన మామిడికాయ తొక్కు. దాన్ని కలిపేటప్పుడు గిన్నెలతో కొలిచి పోసిన ఉప్పును ఒకసారి గుర్తు తెచ్చుకోండి, తర్వాత ఏడాది పొడవునా వేలితో నాకి తినేది అదే. కంచంలో పక్కన ఉప్పు పెట్టుకోవడం, మజ్జిగలో మళ్లీ వేసుకోవడం ముందు మానండి. కూరలో కొంచెం కొంచెం తగ్గిస్తూ వెల్లుల్లి, మిరియాలు, నిమ్మరసం పెంచండి. కొన్ని వారాలు చప్పగా ఉంటుంది, తర్వాత నాలుక అలవాటు పడుతుంది. అప్పుడు చుట్టాలింట్లో కూర తింటే అదే ఉప్పగా అనిపిస్తుంది.

మా అమ్మకు 74 ఏళ్లు. చెప్పిందే మళ్లీ చెబుతోంది, పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోతోంది. షింగిల్స్ టీకా వేయిస్తే మతిమరుపు జబ్బు తగ్గుతుందని స్టాన్‌ఫర్డ్ వాళ్లు కనుగొన్నారని చదివాను. వేయించమంటారా?
— సూర్యాపేట

ముందు ఆ టీకా దేనికో తెలియనివారి కోసం రెండు మాటలు. చిన్నప్పుడు మనకు వచ్చిన ఆటలమ్మ వైరస్ ఒంట్లోంచి పోదు, నరాల వేళ్లలో నిద్రపోతుంది. వయసు మళ్లాక లేచి నడుముకో ఛాతీకో ఒకవైపున వరుసగా నీటి పొక్కులు లేపుతుంది. మన దగ్గర కొందరు సర్పి అంటారు. పొక్కులు మానినా కొందరికి నెలల తరబడి, ఒంటి మీద బట్ట తగిలినా ఓర్చుకోలేని మంట మిగులుతుంది. దాన్ని అడ్డుకోవడానికి పుట్టిన టీకా అది.

మీరు చదివిన, అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వారి పరిశోధన 2025 ఏప్రిల్‌లో వచ్చింది. అందులో వాళ్లు ఎవరికీ మందు ఇచ్చి చూడలేదు. బ్రిటన్‌లోని వేల్స్‌లో 2013 సెప్టెంబరు 1న ఈ టీకా మొదలుపెట్టినప్పుడు ఒక గీత గీశారు. ఆ రోజుకు 79 ఏళ్లున్నవారు అర్హులు, 80 నిండినవారు కారు. అంటే 1933 సెప్టెంబరు 2న, ఆ తర్వాత పుట్టినవారికి అవకాశం ఉంది, అంతకు ముందు పుట్టినవారికి ఎప్పటికీ లేదు. వారం తేడాతో పుట్టినవారి మధ్య తిండిలో, చదువులో, అలవాట్లలో పెద్ద తేడా ఏముంటుంది? తేడా ఒక్క టీకాలోనే. రెండు లక్షల ఎనభై వేల మందికి పైగా ఆరోగ్య వివరాలు ఏడేళ్ల పాటు చూస్తే, టీకా వేసుకున్నవారిలో మతిమరుపు జబ్బు సుమారు ఐదో వంతు తక్కువగా ఉంది. ఆడవాళ్లలో మేలు ఇంకా స్పష్టంగా కనిపించింది. ఇంత తెలివిగా ప్రశ్న అడిగిన పరిశోధనలు అరుదు, చదివినప్పుడు నాకు ఒళ్లు పులకరించింది.

కానీ మీ అమ్మగారి లాంటివారు అందులో లేరు. ఆ ఐదో వంతు లెక్క, మొదట్లో ఆ జబ్బు లేనివారిది. అప్పుడు వేల్స్‌లో వాడిన టీకా కూడా వేరు, ఇప్పుడు మన దగ్గర రెండు డోసులుగా ఇస్తున్నది వేరు. సర్పి రాకుండా కాపాడటానికి మీ అమ్మగారికి ఆ టీకా వేయిస్తానంటే నేను సంతోషంగా వేస్తాను. మతిమరుపుకు వైద్యమని మాత్రం వేయను.

అమ్మగారికి ముందు చేయాల్సింది వేరే ఉంది. విటమిన్ బి12, థైరాయిడ్, రక్తంలో సోడియం పరీక్షలు చేయించండి. చెవులు సరిగా వినిపిస్తున్నాయా చూడండి. వినపడని మాట గుర్తుండదు, ఇంట్లో వాళ్లేమో మరిచిపోయింది అంటారు. నిద్రమాత్రలు వాడుతున్నారా, ఈ మధ్య ఎవరినైనా పోగొట్టుకుని దిగులు పడ్డారా అడిగి తెలుసుకోండి. వీటిలో ఏది కారణమైనా మందు ఉంది, మనిషి తేరుకుంటుంది. అంతవరకు పొయ్యి దగ్గర ఆమెను ఒంటరిగా వదలవద్దు.

ఆర్టీసీలో కండక్టరుగా చేసి విరమించాను, 61 ఏళ్లు. షుగరు, బీపీ రెండూ ఉన్నాయి. ఆసుపత్రిలో బీపీ పై అంకె 138 ఉంటే బాగుందన్నారు. 120 కంటే తగ్గించాలని కొత్త పరిశోధన అని మా అబ్బాయి అంటున్నాడు.
— మహబూబ్‌నగర్

అబ్బాయి చెప్పిన 120 లెక్క మొదట 2015లో అమెరికాలోని స్ప్రింట్ పరిశోధనలో వచ్చింది. 9,361 మంది. కానీ షుగరు ఉన్నవారిని తీసుకోలేదు కాబట్టి ఇన్నాళ్లూ మీలాంటివారికి దాన్ని వర్తింపజేయడానికి నేను వెనకాడాను. 2024 నవంబరులో చైనా నుంచి షుగరు ఉన్నవారి మీదే చేసిన పరిశోధన వచ్చింది. 12,821 మందిలో 120 లోపు ఉంచినవారికి గుండెపోటు, పక్షవాతం లాంటివి సుమారు ఐదో వంతు తగ్గాయి. అందుకని ఇప్పుడు నా అభిప్రాయం మారింది. ఇంకొంచెం తగ్గించే మాట మీ డాక్టరుతో ఎత్తండి. బీపీ మరీ పడిపోయి తల తిరగడం, పొటాషియం పెరగడం కూడా ఆ గుంపులోనే ఎక్కువ. మందు పెంచాక కిడ్నీ, పొటాషియం పరీక్షలు తప్పకుండా చేయించాలి. మంచం మీద నుంచి ఒక్కసారిగా లేవకండి.

అయితే అంతకుముందే తేల్చాల్సింది, మీ 138 నిజంగా 138యేనా అని. స్ప్రింట్‌లో మనిషిని ఐదు నిమిషాలు మౌనంగా కూర్చోబెట్టి, యంత్రంతో మూడుసార్లు కొలిచి సగటు తీశారు. మన దగ్గర మెట్లెక్కి వచ్చి, వరుసలో నిలబడి, పక్కవాళ్లతో మాట్లాడుతుండగానే చొక్కా చేతి మీదే పట్టీ చుట్టేస్తారు. ఇంట్లో యంత్రం ఉంటే అరగంట ముందు నుంచి టీ, బీడీ వద్దు. మూత్రానికి వెళ్లి వచ్చి, వీపు ఆనించి, పాదాలు నేల మీద ఉంచి, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద పెట్టి ఐదు నిమిషాలు ఆగండి. నిమిషం తేడాతో రెండుసార్లు చూసి రాయండి. పొద్దున, సాయంత్రం వారం రోజులు. టికెట్లు కొట్టిన చేతికి లెక్క రాయడం కొత్త కాదు. ఆ కాగితం చూస్తే మీ డాక్టరు పని సగం తేలిక అవుతుంది.

మా అత్తగారికి 64 ఏళ్లు. నడుము వంగిపోయింది, మెడ తిప్పలేరు. చింతపండు తింటే ఒంట్లోని ఫ్లోరైడ్ బయటికి పోతుందని పరిశోధన ఉందని ఊళ్లో చెప్పారు. అప్పటి నుంచి రోజూ పెద్ద గ్లాసు చింతపండు పులుసు తాగుతున్నారు. తాగనివ్వాలా? మా బాబుకు ఐదేళ్లు, వాడికైనా పళ్లు గారపట్టకుండా ఏం చేయాలి? ఇంట్లోకి కృష్ణా నీళ్లు వస్తాయి. చేను దగ్గర మాత్రం బోరు నీళ్లే.
— మర్రిగూడ మండలం నుంచి ఒక కోడలు

ఈ ఉత్తరాన్ని నేను రెండు రోజులు బల్ల మీదే పెట్టుకున్నాను. బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ తెచ్చే ఈ జబ్బు నా ఊరి జబ్బు. నేను చదువుకున్న పుస్తకంలో ఫ్లోరైడ్ తీసే విధానానికి “నల్లగొండ పద్ధతి” అని పేరుండేది. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధనా సంస్థ (నీరి) శాస్త్రవేత్తలు పటిక, సున్నం కలిపి నీళ్లు తేర్చే ఆ పద్ధతికి మన ఊరి పేరు పెట్టారు. తరగతిలో అందరూ నా వైపు తిరిగి చూశారు.

చింతపండు పరిశోధన ఉత్త పుకారు కాదు. మన హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు చేసి 2002లో ప్రచురించారు. 18 మంది అబ్బాయిలకు 18 రోజుల పాటు మధ్యాహ్న భోజనంతో రోజుకు పది గ్రాముల చింతపండు ఇచ్చారు. మూత్రంలో పోయే ఫ్లోరైడ్ రోజుకు 3.5 మిల్లీగ్రాముల నుంచి 4.8కి పెరిగింది. ఇది మన నేల మీద మనవాళ్లు చేసిన మంచి పని, నేను గౌరవిస్తాను. కానీ ఎవరిని చూశారో గమనించండి. ఆరోగ్యంగా ఉన్న అబ్బాయిలను. ఏం కొలిచారు? మూత్రాన్ని. వంగిన నడుము నిటారు కావడం గురించి, నొప్పి తగ్గడం గురించి ఆ పరిశోధన ఏమీ చెప్పలేదు, చెప్పాలని చేసిందీ కాదు.

మీ అత్తగారి ఎముకల్లో ఫ్లోరైడ్ చేరడం మొన్న మొదలైంది కాదు. ఏళ్ల తరబడి తాగిన నీళ్లతో ఎముక గట్టిపడి, కీళ్లను పట్టి ఉంచే నరాల్లాంటి కట్లు సున్నంలా బిగుసుకుపోయాయి. దాన్ని వెనక్కి తిప్పే మందు లేదు. ఆమెకు ఈ మాట చెప్పడం కష్టం, నాకూ రాయడం కష్టంగానే ఉంది. చారులో, పులుసులో వేసే చింతపండు మానక్కర్లేదు. పెద్ద గ్లాసు పులుసు తాగడం మాత్రం ఆపించండి. ఎందుకంటే ఆమె నొప్పికి గోలీలు కూడా వేసుకుంటూ ఉంటారని నా అనుమానం. మీ వైపు నుంచి వచ్చే పెద్దవాళ్ల కొంగు ముడి విప్పితే డబ్బులతో పాటు అవే ఉంటాయి. పులుపు, ఆ గోలీలు కలిస్తే కడుపు మంట ఎక్కువవుతుంది. అంతకంటే పెద్ద బాధ ఇంకోటి ఉంది. ఒంట్లోంచి ఫ్లోరైడ్‌ను బయటికి పంపేది కిడ్నీలు. రోజూ నొప్పి గోలీలు మింగితే చెడిపోయేవీ అవే. కిడ్నీ చెడితే ఫ్లోరైడ్ ఇంకా ఎక్కువ నిలిచిపోతుంది. కాబట్టి ఆమెకు ఒకసారి క్రియాటినిన్ పరీక్ష చేయించండి, నొప్పికి ఏది వాడాలో డాక్టరును అడిగి వాడండి. కాళ్లు పట్టు తప్పుతున్నా, తిమ్మిరెక్కుతున్నా, మూత్రం ఆపుకోలేకపోతున్నా వెన్నెముకలో నరం నొక్కుకుంటోందని అర్థం. అప్పుడు వెంటనే పెద్దాసుపత్రికి తీసుకురండి.

బాబు విషయంలో మాత్రం మనకు సమయం ఉంది. వాడికి ఇప్పుడున్నవి పాలపళ్లు. వాటి వెనక, దవడల లోపల శాశ్వత దంతాల పైపూత తయారవుతోంది. ఎనిమిదేళ్ల వరకు ఆ పని జరుగుతుంది. ఈ మూడేళ్లు వాడు తాగే నీళ్లే ఇంకా తయారవుతున్న పళ్ల రంగును నిర్ణయిస్తాయి. తాగడానికే కాదు, అన్నం వండటానికి, పప్పు ఉడికించడానికి, టీ కాచడానికి కూడా కృష్ణా నీళ్లే వాడండి. బోరు నీళ్లు మరగబెడితే ఫ్లోరైడ్ పోతుందని చాలామంది నాతో వాదిస్తారు. పోదు. రెండు గ్లాసుల నీళ్లు మరిగి ఒక గ్లాసు అయ్యేసరికి ఆవిరైంది నీరు మాత్రమే. ఫ్లోరైడ్ అంతా ఆ ఒక్క గ్లాసులోనే మిగిలి రెట్టింపు చిక్కనవుతుంది. పప్పు గిన్నెలో జరిగేదీ అదే. టీ ఆకులోనూ ఫ్లోరైడ్ ఉంటుంది కాబట్టి పిల్లవాడికి టీ వద్దు. పాలు, పెరుగు, రాగి జావ రోజూ ఇవ్వండి. వాటిలోని కాల్షియం ఫ్లోరైడ్‌ను పేగుల్లోనే కొంతవరకు పట్టి ఉంచుతుంది. పళ్లు తోమే పేస్టు శనగగింజంత చాలు, మింగకుండా ఉమ్మేయడం నేర్పండి.

చేనుకు వెళ్లేటప్పుడు ఇంటి నుంచి ఐదు లీటర్ల డబ్బాలో కృష్ణా నీళ్లు పట్టుకెళ్లండి. ఎండాకాలంలో అవి చాలవని నాకు తెలుసు. కలుపు తీసే రోజు మనిషికి ఆ డబ్బా ఒకటి కావాలి. అందుకే ఆ బోరు నీళ్లలో ఎంత ఉందో కొలిపించడం ముఖ్యం. రంగు, రుచి, వాసన చూసి ఫ్లోరైడ్‌ను పట్టలేం. పక్క పక్క బోర్లలోనే అంకెలు మారిపోతాయి. లీటరు ప్లాస్టిక్ సీసాను సబ్బు లేకుండా రెండు మూడుసార్లు ఆ నీళ్లతోనే కడగండి. మోటారు వేసి కొన్ని నిమిషాలు నీళ్లు పోనిచ్చి, తర్వాత నింపండి. ఊరు, సర్వే నంబరు, తేదీ రాసిన చీటీ అంటించి గ్రామీణ నీటి సరఫరా శాఖ పరీక్షా కేంద్రంలో ఇవ్వండి. లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపు ఉంటే మంచిది. వేరే దారి లేనప్పుడు ఒకటిన్నర వరకు ఒప్పుకుంటారు. అది దాటితే ఆ బోరు పత్తికే గానీ గొంతుకు కాదు. ఫలితం కాగితం వచ్చాక ఆ అంకె, మీ అత్తగారి క్రియాటినిన్ అంకె రెండూ రాసి నాకు మళ్లీ ఉత్తరం వేయండి.